ఆగి ఉన్న బంతి ముందు అలజడి: గోల్ఫ్‌లో నిబ్బరం అంటే ఏమిటి?

2025 ఏప్రిల్ 13న అగస్టా నేషనల్ మైదానంలో రోరీ మెకిల్‌రాయ్ రెండు స్ట్రోక్‌ల ఆధిక్యంతో మాస్టర్స్ టోర్నీ చివరి రౌండ్ మొదలుపెట్టి, మొదటి హోల్‌లోనే ఆ ఆధిక్యం మొత్తాన్ని పోగొట్టుకున్నాడు. తిరిగి పుంజుకుని ముందుకు వెళ్లాక, పదమూడో హోల్‌లో తన స్థాయి ఆటగాడికి ఏమాత్రం కష్టం కాని వెడ్జ్ షాట్‌ను గ్రీన్ ముందున్న వాగులో పడేశాడు. చివరి హోల్‌లో సుమారు ఐదడుగుల పట్ పడితే టైటిల్ అతనిదే, అదీ తప్పింది. జస్టిన్ రోజ్‌తో స్కోరు సమం కావడంతో ప్లేఆఫ్ కోసం అదే పద్దెనిమిదో హోల్‌కు తిరిగి వెళ్లి, అక్కడ బర్డీ సాధించి గెలిచాడు. వెంటనే గ్రీన్ మీద మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేశాడు. గోల్ఫ్‌లో ఏటా జరిగే నాలుగు పెద్ద పోటీలను మేజర్లు అంటారు; 2014 తర్వాత అతనికి దక్కిన మొదటి మేజర్ అది. నాలుగు మేజర్లనూ జీవితకాలంలో గెలుచుకున్న ఆరో ఆటగాడు అయ్యాడు.

ఆ రోజు అతను నిబ్బరంగా ఆడాడా, లేదా? పదమూడో హోల్ దగ్గర ఆట చూడటం ఆపేసినవారు ఒక సమాధానం చెబుతారు, ప్లేఆఫ్ మాత్రమే చూసినవారు మరొకటి చెబుతారు. ఆ వారం మొత్తంలో అతను నాలుగు డబుల్ బోగీలు చేశాడు. అన్ని చేసి మాస్టర్స్ గెలిచినవారు అంతకు ముందు లేరు. గోల్ఫ్ గురించి మాట్లాడేటప్పుడు “ప్రశాంతంగా ఉండాలి”, “మనసు అదుపులో పెట్టుకోవాలి” అన్న మాటలు తరచుగా వినబడతాయి గానీ, అదుపులో పెట్టుకోవలసినది కోపాన్నా, భయాన్నా, చేతులనా, చూపునా అన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి నిపుణులు కూడా ఒక్క మాట మీద నిలబడరు.

నిగ్రహం, నిబ్బరం, ఏకాగ్రత

ఆట తెలియనివారి కోసం ముందుగా కొన్ని మాటలు. ఒక్కో హోల్‌ను ఎన్ని దెబ్బల్లో, అంటే స్ట్రోక్‌లలో, పూర్తి చేయాలన్న ప్రమాణాన్ని పార్ అంటారు. అంతకంటే ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. రౌండ్‌కు పద్దెనిమిది హోల్స్, పెద్ద పోటీకి సాధారణంగా నాలుగు రౌండ్లు. పచ్చిక నున్నగా కత్తిరించిన గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బను పట్ అంటారు. బంతిని కొట్టే కర్ర క్లబ్: ఎక్కువ దూరానికి డ్రైవర్, మధ్య దూరాలకు ఐరన్‌లు, దగ్గరి దెబ్బలకు వెడ్జ్, పట్‌కు పట్టర్. గ్రీన్ దాకా సాగే కత్తిరించిన పచ్చిక దారి ఫెయిర్‌వే, దారిలో ఉండే ఇసుక గుంత బంకర్, క్లబ్బులు మోస్తూ సలహా ఇచ్చే సహాయకుడు క్యాడీ.

ఇక మనసుకు సంబంధించిన మాటలు. నిగ్రహం అంటే పుట్టిన భావాన్ని పట్టి ఆపడం. నిబ్బరం అంటే లోపల ఏ భావం ఉన్నా చేయవలసిన పని చేయవలసిన తీరులో సాగిపోవడం. మొదటిది భావానికి సంబంధించినది, రెండోది పనికి సంబంధించినది. నిండుకుండ తొణకదన్న సామెత మనలో ఎంత పాతుకుపోయిందంటే, ముఖంలో ఏమీ కనబడని మనిషినే నిబ్బరం గలవాడిగా లెక్కవేస్తాం. కానీ లోపల తొణుకుతూనే పని చక్కబెట్టే కుండలూ, పైకి నిశ్చలంగా కనబడుతూ లోపల పగిలిన కుండలూ గోల్ఫ్‌లో బోలెడు. మూడో మాట ఏకాగ్రత. దృష్టి ఒక్కచోట నిలవడమే ఏకాగ్రత అని అందరూ అంటారు గానీ, ఎక్కడ నిలవాలన్నది ఆ మాటలో లేదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుందని ముందు ముందు చూస్తాం.

ఒకటిన్నర సెకను పని, నాలుగు గంటల ఆలోచన

క్రికెట్‌లో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. భయపడటానికైనా అంత వ్యవధి చాలదు. శరీరం తనకు తెలిసినది చేసేస్తుంది. గోల్ఫ్ బంతి మాత్రం కదలకుండా కూర్చుని ఉంటుంది. ఎప్పుడు కొట్టాలన్నది పూర్తిగా ఆటగాడి ఇష్టం, అందువల్ల తప్పు జరిగితే నెపం వేయడానికి బౌలర్ లేడు, ప్రత్యర్థి లేడు.

కాలం లెక్క వేసి చూస్తే ఈ ఆట తీరు ఇంకా స్పష్టమవుతుంది. ఒక ఆటగాడు 72 దెబ్బల్లో రౌండ్ ముగించాడని అనుకుందాం. ఒక్కో స్వింగ్‌కు ఒకటిన్నర సెకను చొప్పున వేసుకుంటే మొత్తం 108 సెకన్లు, అంటే రెండు నిమిషాలు కూడా కాదు. ఒక్కో దెబ్బను 40 సెకన్ల లోపు కొట్టాలని గోల్ఫ్ నియమావళి సిఫార్సు చేస్తుంది. ఆ 40 సెకన్లూ పూర్తిగా వాడుకున్నా 2,880 సెకన్లు, 48 నిమిషాలు. రౌండ్‌కు సుమారు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి మిగిలిన మూడు గంటలకు పైగా కాలం నడవడం, ఎదురుచూడటం, వాటితోపాటు ఆలోచించడం. ఇంకే ఆటలోనూ పనికీ ఆలోచనకూ మధ్య ఇంత అసమానత ఉండదేమో.

దీనికి తోడు గోల్ఫ్ స్కోరుకు మరుపు లేదు. టెన్నిస్‌లో ఒక గేమ్ ఘోరంగా ఓడినా తర్వాతి గేమ్ సున్నా దగ్గర మొదలవుతుంది. గోల్ఫ్‌లో దెబ్బల మొత్తాన్ని లెక్కించే పోటీలో, గురువారం ఉదయం మొదటి హోల్‌లో పోయిన ఒక స్ట్రోక్ విలువ, ఆదివారం సాయంత్రం చివరి హోల్‌లో పోయిన స్ట్రోక్ విలువతో సరిగ్గా సమానం. జరిగిపోయినది మరచిపొమ్మని క్యాడీ చెబుతాడు, స్కోరు కార్డు మాత్రం దాన్ని చివరిదాకా మోస్తూనే ఉంటుంది.

కోపం, దాని వెనుక ఉన్న అంకెలు

గోల్ఫ్‌లో అలజడి అని మనం ఒకే పేరుతో పిలిచే దానిలో కనీసం రెండు వేర్వేరు భావాలు ఉన్నాయి. కోపం జరిగిపోయిన దెబ్బ గురించి, భయం జరగబోయే దెబ్బ గురించి. రెండింటి పనితీరు ఒకటి కాదు, కాబట్టి ఒకదానికి చెప్పే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు.

కోపానికి మూలం తరచుగా అంచనాలో ఉంటుంది. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే వృత్తి ఆటగాళ్లు ఎనిమిది అడుగుల దూరం నుంచి వేసే పట్‌లలో దాదాపు సగమే గుంతలో పడతాయి. ఇరవై అడుగుల నుంచి అయితే నూటికి సుమారు పదిహేను. మూడడుగుల నుంచి కూడా నూటికి మూడు నాలుగు తప్పుతాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విశాఖలోనో నెలకు రెండుసార్లు ఆడే ఒక మనిషిని ఊహించుకోండి. ఎనిమిది అడుగుల పట్ తప్పిందని అతను పట్టర్‌ను నేలకేసి కొడితే, ప్రపంచంలో అత్యుత్తములు సగంసార్లు చేయలేని పనిని తాను ప్రతిసారీ చేసితీరాలని అతను తెలియకుండానే అనుకున్నట్టు. అంచనాను సరిదిద్దుకుంటే కోపంలో చాలా భాగం పుట్టకుండానే పోతుందని కొందరు శిక్షకులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది గానీ, కోపం లెక్కలు వేసుకుని రాదు. ఈ అంకెలన్నీ కంఠతా వచ్చిన వృత్తి ఆటగాళ్లు కూడా ఎనిమిది అడుగుల దగ్గర తప్పినప్పుడు పళ్లు కొరుకుతూనే ఉంటారు.

కోపం చేసే అసలు నష్టం చాలాసార్లు స్వింగ్‌లో కాక నిర్ణయంలో కనబడుతుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. పార్-4 హోల్‌లో మొదటి దెబ్బ చెట్లలోకి పోయింది. పక్కకు కొట్టి బంతిని ఫెయిర్‌వే మీదకు తెచ్చుకుంటే ఆ హోల్ దాదాపు ఖాయంగా ఐదు దెబ్బల్లో ముగుస్తుంది. రెండు కొమ్మల మధ్య సందులోంచి నేరుగా గ్రీన్ వైపు కొడితే పదిసార్లలో మూడుసార్లు బంతి బయటపడి నాలుగుతో ముగుస్తుంది, ఏడుసార్లు కొమ్మకు తగిలి ఆరు అవుతుంది. రెండో మార్గం సగటు: మూడు నాలుగులు పన్నెండు, ఏడు ఆరులు నలభై రెండు, మొత్తం యాభై నాలుగు; పదితో భాగిస్తే 5.4. అంటే ఆ సాహసం ప్రతిసారీ సగటున దాదాపు అర స్ట్రోక్ నష్టం. స్థిమితంగా ఉన్న మనిషికి ఈ లెక్క వేయడం కష్టం కాదు. అంతకు ముందు హోల్‌లో డబుల్ బోగీ చేసి, పోయినదంతా ఒకే దెబ్బతో రాబట్టుకోవాలని ఉడికిపోతున్న మనిషికి మాత్రం ఆ సందు ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది. జూదంలో పోగొట్టుకున్నవాడు పందెం రెట్టింపు చేసే తీరే ఇది.

కోపాన్ని పరికరాల మీద తీర్చుకోవడం గురించి నియమాలూ మాట్లాడతాయి. రౌండ్ మధ్యలో అనుకోకుండా పాడైన క్లబ్ స్థానంలో 2023 నుంచి మరొకటి తెచ్చుకోవచ్చు. కోపంతో విరగ్గొట్టుకున్నదానికి ఆ వెసులుబాటు లేదు. అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్‌లో, 1987లో, అమెరికా ఆటగాడు బెన్ క్రెన్‌షాకు సరిగ్గా ఇదే అనుభవమైంది. సౌమ్యుడన్న బిరుదు అతని పేరుకు ముందే అతికి ఉండేది. అలాంటి ఆటగాడు ఎమన్ డార్సీతో ఆడుతూ ఆరో హోల్ తర్వాత పట్టర్ విరగ్గొట్టుకుని, మిగిలిన పట్‌లన్నీ వన్-ఐరన్‌తోనూ శాండ్ వెడ్జ్‌తోనూ వేయవలసి వచ్చింది. చివరి హోల్ దాకా పోరాడి, ఒక్క హోల్ తేడాతో ఓడాడు. ఆ ఏడాది అమెరికా గడ్డ మీద యూరప్ జట్టు తొలిసారి ఈ కప్పు గెలిచింది, 15-13 తేడాతో. అయితే పట్టర్ లేకుండానే చివరి గ్రీన్ దాకా వచ్చిన మనిషిని నిబ్బరం లేనివాడనీ అనలేం. ఒక నిమిషం పాటు నిగ్రహం పోయింది, తర్వాత పన్నెండు హోల్స్ నిబ్బరం నిలిచింది.

భయం: చేతులకు తెలిసిన పనిలో తల జోక్యం

రోజూ వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టే చేయి, ముగ్గుల పోటీలో న్యాయనిర్ణేత పక్కన నిలబడగానే గీత వంకర పోనిస్తుంది. ఎందుకిలా జరుగుతుందన్నదానికి మనస్తత్వ శాస్త్రంలో రెండు ప్రధాన వివరణలు పోటీ పడుతున్నాయి. విచిత్రంగా అవి ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి.

మొదటిది పరధ్యాన వాదం. ఓడిపోతానేమో, అందరూ ఏమనుకుంటారో అన్న చింత దృష్టిని పంచుకుంటుంది, పనికి కావలసినంత దృష్టి మిగలదు. రెండోది స్వీయ పర్యవేక్షణ వాదం. దీని ప్రకారం లోపం దృష్టి తక్కువ కావడంలో లేదు, ఎక్కువ కావడంలో ఉంది. అలవాటుగా సాగిపోయే కదలికను ఒత్తిడిలో మనిషి తిరిగి ముక్కలుగా విడగొట్టి మణికట్టు ఎక్కడుంది, మోచేయి ఎటు వంగింది అని చూసుకుంటాడు. కలిసి నడిచే భాగాలు విడివిడిగా నడవడం మొదలుపెడతాయి.

గోల్ఫ్ పట్ రెండో వాదానికి ప్రయోగశాల అయింది. సియాన్ బైలాక్ బృందం 2000ల తొలి సంవత్సరాల్లో చేసిన ప్రయోగాల్లో, నైపుణ్యం గలవారిని తమ స్వింగ్‌ను గమనిస్తూ పట్ వేయమంటే వారి ఆట దెబ్బతిన్నది. కొత్తగా నేర్చుకుంటున్నవారికి మాత్రం అలా గమనించడం మేలు చేసింది. త్వరగా కొట్టమని చెప్పినప్పుడు ఇది తిరగబడింది: నిపుణులు మెరుగయ్యారు, కొత్తవారు చెడిపోయారు. అంతకు ముందు, 1992లో రిచ్ మాస్టర్స్ అనే పరిశోధకుడు ఇంకో కోణం చూశారు. ఒక బృందానికి పట్ వేసే పద్ధతిని సూచనలతో నేర్పించారు. మరో బృందం ఏ సూచనా లేకుండా, నోటితో అక్షరాలను అడ్డదిడ్డంగా వల్లెవేస్తూ నేర్చుకుంది. ఒత్తిడి పెట్టినప్పుడు తడబడింది సూచనలు తెలిసిన బృందమే. తమకు తెలిసిన నియమాలే వారికి అడ్డం తిరిగాయి. అయితే పరీక్ష సమయంలో రెండో బృందానికి అక్షరాల పని తీసేశారనీ, ఆ తేలికదనం వల్లే బాగా ఆడి ఉండవచ్చనీ అభ్యంతరం వచ్చింది. ఆ పని కొనసాగిస్తూ మళ్లీ పరీక్షించినవారికి కూడా ఫలితం చాలావరకు అటువైపే మొగ్గింది.

దీని నుంచి ఒక అసౌకర్యమైన విషయం తేలుతుంది. “దృష్టి పెట్టు” అన్న సలహా ఒకరికి మందు, మరొకరికి విషం. ఇప్పుడే క్లబ్ పట్టినవాడు చేతులను గమనించుకోవాలి; ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాడు గమనించుకుంటే చెడిపోతాడు. పైగా పరధ్యాన వాదం కొట్టుకుపోలేదు. ఏ క్లబ్ తీయాలి, గాలి ఎటు వీస్తోంది, గ్రీన్ వాలు ఎంత అన్న నిర్ణయాలు ఆలోచనతోనే జరగాలి, అక్కడ చింత నేరుగా నష్టం చేస్తుంది. ఇద్దరిదీ నిజమే, ఒకరిది బంతి దగ్గరకు వెళ్లే ముందు, రెండోవారిది బంతి మీద నిలబడ్డాక అని సర్దిచెప్పడం నాకు సబబుగా తోస్తుంది, పరిశోధకులందరూ అలా ఒప్పుకోకపోయినా.

వద్దనుకున్నదే జరిగే విడ్డూరం ఇంకొకటి ఉంది. 1998లో డేనియల్ వెగ్నర్ బృందం, బంతిని గుర్తు దాటి పోనివ్వవద్దని చెప్పి కొందరి చేత పట్ వేయించింది. అదే సమయంలో మనసుకు మరో బరువు పెడితే, బంతి దాటిపోవడం ఎక్కువైంది. నీటిలో కొట్టకూడదని తనకు తాను చెప్పుకునే ఆటగాడి మనసు ఆ హెచ్చరికను అమలు చేయడానికి నీటిని పదేపదే తలచుకోవలసి వస్తుంది. మైదానంలో ‘కుడివైపు చెరువు ఉంది జాగ్రత్త’ అని స్నేహితుడు చేసే ఉపకారం ఎంత ఉపకారమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

భయం అంటే వణుకు అని మాత్రమే అనుకోకూడదు. డెవిన్ పోప్, మారిస్ ష్వైట్జర్ అనే ఇద్దరు పరిశోధకులు పీజీఏ టూర్‌లోని 25 లక్షలకు పైగా పట్‌లను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకేలాంటి పట్‌లలో పార్ కోసం వేసేవాటికంటే బర్డీ కోసం వేసేవి గుంతలో పడటం నూటికి సుమారు రెండు తక్కువని తేలింది. స్కోరుకు రెండూ ఒక్కటే స్ట్రోక్. కానీ పార్ తప్పితే నష్టం, బర్డీ తప్పితే లాభం రాలేదంతే. నష్టం మనసును ఎక్కువ గిల్లుతుంది కాబట్టి పార్ పట్‌కు మనిషి ఎక్కువ ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. ముఖంలో ఏ మార్పూ లేని, నాడి కూడా పెరగని ఆటగాడిలోనూ భావం తన లెక్క తాను వేసుకుంటూనే ఉంటుందన్నమాట. ఇక్కడ భయం ఆటను చెడగొట్టలేదు, బాగుచేసింది అన్నది కూడా గమనించవలసిన విషయం.

అణచుకోవడమా, వెళ్లగక్కడమా

ఈ వివాదంలో రెండు పక్షాలకూ సాక్షులున్నారు. స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్, ఇంగ్లండ్ ఆటగాడు టైరెల్ హాటన్ మైదానంలో కోపం దాచుకోరు, అయినా ప్రపంచ స్థాయిలో గెలుస్తూనే ఉన్నారు. రామ్ 2021లో యూఎస్ ఓపెన్, 2023లో మాస్టర్స్ గెలిచాడు. మరోవైపు బాబీ జోన్స్ 19 ఏళ్ల వయసులో, 1921లో, బ్రిటన్‌లో జరిగే ఓపెన్ టోర్నీలో, సెయింట్ ఆండ్రూస్ మైదానం బంకర్‌లో ఇరుక్కుపోయి విసుగుతో బంతి చేతికి తీసుకుని పోటీని వదిలేశాడు. కోపం తగ్గించుకున్న తర్వాతే అతను 1927లో అదే మైదానంలో ఓపెన్ గెలవడం, 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లు గెలవడం జరిగాయి. వయసుతో నైపుణ్యం కూడా పెరిగింది కాబట్టి ఇందులో ఎంత భాగం కోపం తగ్గడం వల్లనో విడదీసి చెప్పలేం.

లోపల పెట్టుకుంటే కుళ్లుతుంది, కక్కేస్తే పోతుంది అన్న నమ్మకం మన ఇళ్లలోనూ ఉన్నదే. బ్రాడ్ బుష్‌మన్ 2002లో దీన్ని పరీక్షించారు. తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవారి కోపం చల్లారలేదు, మరింత పెరిగింది. క్లబ్ విసిరితే తేలికపడతామన్న వాదానికి ఇది గట్టి దెబ్బే.

అయితే అణచుకోవాలన్న పక్షం కూడా గెలవలేదు. జేమ్స్ గ్రాస్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో, భావం ముఖంలో కనబడకుండా బిగబట్టుకున్నవారి శరీరం లోపల ఉద్రేకం తగ్గలేదు, ఆ సమయంలో చూసిన విషయాలు కూడా వారికి తక్కువగా గుర్తున్నాయి. బిగబట్టడమే ఒక పని, దానికీ దృష్టి ఖర్చవుతుంది. గాలి, వాలు, దూరం గుర్తుపెట్టుకోవలసిన ఆటలో ఆ ఖర్చు చిన్నది కాదు.

గ్రాస్ ఈ రెండింటికీ పక్కన మూడోది ఒకటి చూపిస్తారు: జరిగినదానికి అర్థం మార్చుకోవడం. ‘గుండె కొట్టుకుంటోంది, భయపడుతున్నాను’ అనుకునేవాడు ‘గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు సిద్ధమవుతోంది’ అనుకోవడం లాంటిది. అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట, ప్రసంగం, లెక్కల పరీక్షల ముందు తమను తాము శాంతపరచుకోజూసినవారికంటే, ‘నేను ఉత్సాహంగా ఉన్నాను’ అని చెప్పుకున్నవారు బాగా రాణించారు. అవి గోల్ఫ్ ప్రయోగాలు కావు. మెత్తగా దొర్లించవలసిన నాలుగడుగుల పట్‌కు ఉత్సాహం అంతే మేలు చేస్తుందని వాటిని బట్టి తేల్చలేం. మూడు వందల గజాల డ్రైవ్‌కు పనికివచ్చే ఊపు గ్రీన్ మీద ఎక్కువైపోతుందని ఆటగాళ్లే అంటారు. ఉద్రేకం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా పని చెడుతుందని చూపే గోపురం ఆకారపు గీత క్రీడా శిక్షణ పుస్తకాల్లో తరచుగా కనబడుతుంది. దాని మూలం 1908లో యర్క్స్, డాడ్సన్ ఎలుకల మీద విద్యుత్ షాకులతో చేసిన ప్రయోగం. దాన్ని గోల్ఫ్ దాకా లాక్కొచ్చేటప్పుడు కాస్త జంకు ఉండటం మంచిది.

టైగర్ వుడ్స్ పేరుతో ప్రచారంలో ఉన్న పది అడుగుల సూత్రం ఈ రెండు పక్షాల మధ్య సంధి లాంటిది. చెడ్డ దెబ్బ తర్వాత పది అడుగులు వేసేదాకా తిట్టుకోవచ్చు, ఆ తర్వాత ఆపేయాలి. ఇందులో కోపాన్ని కాదనలేదు, దానికి గడువు మాత్రం పెట్టారు. మూడు గంటల నడక ఉన్న ఆటలోనే ఇది సాధ్యం.

బంతి కొట్టే ముందు ఆ వరుస దేనికి

ప్రతి దెబ్బకు ముందు వృత్తి ఆటగాళ్లు ఒకే పనులను ఒకే వరుసలో చేస్తారు: బంతి వెనక నిలబడి గురి చూడటం, ఒకటి రెండు ఉత్తుత్తి స్వింగ్‌లు, బంతి పక్కకు అడుగు, లక్ష్యం వైపు చివరి చూపు, దెబ్బ. బయటివారికి ఇది మూఢనమ్మకంలా కనబడుతుంది, కొంత నిజంగానే అంతే కావచ్చు. కానీ పైన చూసిన రెండు వాదాల వెలుగులో దీనికి ఒక అర్థం ఉంది. బంతి వెనక ఉన్నంతసేపు ఆలోచనకు చోటు. అడుగు ముందుకు పడ్డాక చేయవలసిన పని వరుసగా సిద్ధంగా ఉంటుంది కాబట్టి చింతకు గానీ, చేతుల మీద నిఘాకు గానీ ఖాళీ దొరకదు.

చూపు విషయంలో జోన్ విక్కర్స్ 1990ల నుంచి చేస్తున్న పరిశోధన ఉంది. పట్ బాగా వేసేవారు చేయి కదిపే ముందు బంతి మీద ఒకేచోట రెండు మూడు సెకన్లు చూపు నిలుపుతారనీ, అంతగా వేయలేనివారి చూపు అటూ ఇటూ తిరుగుతుందనీ ఆమె చూపించారు. నిలకడ చూపు వల్ల పట్ బాగా పడుతోందా, బాగా వేయగలనన్న ధీమా ఉన్నందువల్ల చూపు నిలకడగా ఉందా అన్న సందేహం సహజం. చూపు నిలపడంలో శిక్షణ ఇచ్చి పట్‌లు మెరుగయ్యాయని చూపిన ప్రయోగాలు మొదటిదాన్నే సమర్థిస్తున్నాయి, కాకపోతే వాటిలో పాల్గొన్నవారి సంఖ్య చిన్నది.

యిప్స్: మనోబలంతో తీరని చిక్కు

పొట్టి పట్ వేసేటప్పుడు చేయి అసంకల్పితంగా ఎగిరిపడటాన్ని, బిగుసుకుపోవడాన్ని గోల్ఫర్లు యిప్స్ అంటారు. ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చింది పూర్వపు విజేత టామీ ఆర్మర్. చాలాకాలం దీన్ని పిరికితనంగా చూశారు. మేయో క్లినిక్ పరిశోధకులు దీన్ని రెండు రకాలుగా విడదీశారు: ఒకటి ఆందోళన వల్ల వచ్చేది, మరొకటి రాసేవారి చేతికి, సంగీత విద్వాంసుల వేళ్లకు వచ్చే కండరాల బిగువు లాంటి నాడీ సమస్య. చాలామందిలో రెండూ కలగలిసి ఉంటాయి.

రెండో రకానికి ధైర్యం చెప్పడం, శ్వాస మీద ధ్యాస పెట్టమనడం పెద్దగా ఉపయోగపడవు. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌ను ఈ యిప్స్ ఒకసారి కాదు, పలుమార్లు పట్టుకుంది. అతను ప్రతిసారీ పట్టు మార్చాడు, పట్టర్ మార్చాడు, 1985లోనూ 1993లోనూ మాస్టర్స్ గెలిచాడు. చేతికి కొత్త కదలిక ఇస్తే పాత బిగువు కొంతకాలం దారి తప్పుతుంది. మనసు చిక్కు అని పేరు పెట్టిన ప్రతిదానికీ పరిష్కారం మనసులోనే ఉండాలని లేదు.

ఫలితాన్ని బట్టి మనసును చదివితే

1999 ఓపెన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ మూడు స్ట్రోక్‌ల ఆధిక్యంతో కార్నూస్టీ మైదానం చివరి హోల్‌కు వచ్చాడు. ఆరు దెబ్బల్లో ముగించినా కప్పు అతనిదే, ఏడు కొట్టాడు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి వాగులో దిగి నిలబడ్డ అతని ఫొటో మనసు చెదరడానికి ప్రతీకగా మిగిలిపోయింది. నలుగురాడిన మాట ఏమంటే, భద్రంగా ఆడకుండా డ్రైవర్ తీశాడు, తర్వాత టూ-ఐరన్ తీశాడు, అహంకారం మింగేసింది అని. కానీ ఆ రెండో దెబ్బ ప్రేక్షకుల గ్యాలరీ కమ్మీకి తగిలి, వాగు రాతి గోడ మీద పడి, వెనక్కి ఎగిరి దట్టమైన గడ్డిలో దిగింది. బంతి ఆ గ్యాలరీ దగ్గరే ఎక్కడో పడి ఉంటే అదే నిర్ణయాన్ని ధైర్యం అని రాసేవారు. నిర్ణయం తప్పా, అదృష్టం లేదా, నరాలు సడలాయా అన్న మూడింటిలో ఏది ఎంత అన్నదానిపై వాదన ఇప్పటికీ ఆగలేదు. ప్లేఆఫ్‌లో గెలిచిన పాల్ లారీ చివరి రౌండ్‌ను పది స్ట్రోక్‌ల వెనుక నుంచి మొదలుపెట్టినవాడు కావడం ఆ గాయం మీద కారం.

అదితి అశోక్ విషయం మనకు ఇంకా దగ్గరిది. 2021 ఆగస్టులో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 200వ స్థానంలో ఉన్న ఆమె ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచింది. దేశం మెచ్చుకుంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు స్ట్రోక్‌ల ఆధిక్యంతో చివరి రౌండ్ మొదలుపెట్టి 77 కొట్టి, థాయ్‌లాండ్‌కు చెందిన అర్పిచయా యుబోల్ తర్వాత రెండో స్థానంతో రజతం తెచ్చింది. ఆసియా క్రీడల గోల్ఫ్‌లో పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయినా, ఒత్తిడికి లొంగిందన్న మాట పడింది. మొదటి మూడు రౌండ్లలో ఆమె స్కోర్లు 67, 66, 61. సగటు 65 కంటే కాస్త తక్కువ. అంత అసాధారణమైన మూడు రోజుల తర్వాత నాలుగో రోజు మామూలు స్థాయికి దిగడం ఏ మానసిక కారణమూ లేకుండానే జరగవచ్చు. 70 కొట్టి ఉంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు, స్వర్ణమూ దక్కేది. 70కీ 77కీ మధ్య ఉన్న ఏడింటిలో ఎన్ని మనసువి, ఎన్ని గాలివి, ఎన్ని వట్టి చెడ్డ రోజువి అన్నది స్కోరు కార్డు చెప్పదు.

తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన సాహిత్ తీగల మొదటి రెండు సీజన్లు కూడా ఇలాంటి ప్రశ్నలతోనే నిండాయి. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు పదిహేడో హోల్‌లో అతని డ్రైవ్ నేలకు తగిలి ఎడమవైపు దొర్లి నీటిలో పడింది. ఒక్క స్ట్రోక్‌తో ప్లేఆఫ్ తప్పింది, తల్లిదండ్రులను పట్టుకుని ఏడ్చాడు. అదే జూన్‌లో ట్రావెలర్స్ టోర్నీలో ఒక స్ట్రోక్ ఆధిక్యంతో చివరి హోల్‌కు వచ్చి, బంకర్‌లోంచి కొట్టిన బంతి బంకర్ అంచుకే తగిలి డబుల్ బోగీ చేశాడు. గెలవడం చేతకాదన్న ముద్ర పడే దశలో 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఏడవడం అతని ఆటను చెడగొట్టినట్టు గానీ, ఏడవకపోవడం గెలిపించినట్టు గానీ ఈ వరుసలో ఎక్కడా కనబడదు.

2024లో టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో అతను మూడో హోల్ బంకర్‌లో నిలబడి స్వింగ్ కోసం క్లబ్ వెనక్కి తీసేటప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదిలినట్టు తనకే అనిపించింది. పై స్థానాల్లో ఒక్కోదానికి లక్షల డాలర్ల తేడా ఉండే పోటీ అది. ఎవరూ అడగకముందే అధికారిని పిలిచి చెప్పి, రెండు స్ట్రోక్‌ల జరిమానా రాయించుకుని, తర్వాతి హోల్ వైపు నడిచాడు. ఆ పోటీలో అతను చివరికి మూడో స్థానంలో నిలిచాడు.